గొంతు మీద నింద పడ్డ రేడియో మనిషి జీవితం రాయాలంటే

రేడియోలో మాట్లాడి మంది నోట్లో పడ్డ మనిషి జీవితం రాయాలనుకుంటే, ముందుగాల ఆ మనిషి దగ్గరికి పోకండి. విన్నవాళ్ల దగ్గరికి పొండి. పేపర్లో పడ్డ మాటను మర్నాడు మళ్లీ చదువుకోవచ్చు. రేడియోలో అన్న మాట అన్నప్పుడే పోతుంది. రికార్డు దొరక్కపోతే మిగిలేది విన్నవాళ్ల జ్ఞాపకమే. ఎవరు నిజంగా రేడియో దగ్గర కూర్చుని విన్నారు, ఎవరు మంది చెప్పుకుంటే విన్నారు అన్నది తేల్చకుండా ఒక్క పేజీ కూడా రాయకండి.

నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ వైపు ఊళ్లలో పిల్లలతో పెద్దల మాటలు రికార్డు చేయిస్తుంటాను. వాళ్లకు మొదట ఇచ్చే పని 1948 సెప్టెంబర్ 17. ఆ సాయంత్రం నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హైదరాబాద్‌లోని డెక్కన్ రేడియోలో మాట్లాడి, భారత సైన్యంతో పోరు ఆపుతున్నట్టు ప్రకటించారు. ఆ రోజును విమోచనం అనేవాళ్లున్నారు, విలీనం అనేవాళ్లున్నారు, విద్రోహం అనేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఆ ప్రసంగం గురించి ఎవరు చెప్పినా ఏదో ఒక పక్షాన నిలబడే చెప్తారు. "నిజాం ఏమన్నడు తాతా?" అని అడిగితే మీకు వచ్చేది ఆ పక్షం మాటే. అందుకే ప్రశ్న ఇట్లా మొదలుపెట్టాలి:

"రేడియో ఎవరింట్ల ఉండె?"

"దొర గడిల ఉండె బిడ్డా."

"మిమ్మల్ని లోపటికి రానిచ్చిండ్రా?"

"మమ్మల్నెవరు రానిస్తరు? గడిల జీతమున్న మా చిన్నాయిన వచ్చి చెప్పిండు."

అంతే, మొత్తం తెలిసిపోయింది. ఆ పెద్దమనిషి అబద్ధమాడలేదు. ఆయన విన్నది చిన్నాయన గొంతు. కరెంటు లేని ఊళ్లో ఆ రేడియో దేనితో నడిచింది, నిజాం ఏ భాషలో మాట్లాడారు, చిన్నాయనకు ఆ భాష వచ్చా, రాకపోతే తెలుగు చేసి చెప్పిందెవరు అని వరసగా అడుగుతూ పొండి. తొందరపెట్టొద్దు. మధ్యలో చాయ్ వస్తే తాగండి, రికార్డింగు మాత్రం ఆపకండి. అసలు సంగతులు చాయ్ తాగేటప్పుడే బయటికొస్తాయి.

రాసుకోవడానికి తెల్లకాయితాన్ని నిలువుగా మడవండి. ఎడమ పక్క చెవితో విన్నది, కుడి పక్క మంది చెప్పింది. ఒక్కొక్క మాటకు ఎదురుగా చెప్పినవాళ్ల పేరు, ఊరు, అప్పటి వయసు. చాలాసార్లు కుడి పక్క నిండి, ఎడమ పక్క రెండు మూడు ముక్కలే ఉంటాయి. భయపడకండి. రాయాల్సిన పుస్తకానికి ఆ రెండు మూడు ముక్కలే పునాది.

ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో తెలియాలంటే ఐవా తొగూరి కథ చదవాలి. మన ఊరికీ ఆమెకూ సంబంధం లేదు, కానీ రేడియో మనుషుల జీవితాలు రాసేవాళ్లెవరైనా ముందు తెలుసుకోవాల్సిన జీవితం అదేనని నా నమ్మకం. 1916లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో జపాన్ తల్లిదండ్రులకు పుట్టింది. 1941లో జబ్బుపడ్డ పిన్నిని చూడటానికి జపాన్ పోయింది. ఆ డిసెంబర్‌లో జపాన్‌కూ అమెరికాకూ యుద్ధం వచ్చి అక్కడే ఇరుక్కుపోయింది. అమెరికా పౌరసత్వం వదులుకొమ్మని ఒత్తిడి చేసినా వదులుకోలేదు. బతుకుదెరువుకు రేడియో టోక్యోలో టైపిస్టుగా చేరింది. 1943 చివర్లో ఆమెను అమెరికా సిపాయిలు వినాలని జపాన్ నడిపిన 'జీరో అవర్' అనే కార్యక్రమంలో మైకు ముందు కూర్చోబెట్టారు. ఆమె గొంతును ఎంచుకుని, మాటలు రాసిచ్చింది చార్లెస్ కజిన్స్. ఆయన ఆస్ట్రేలియా సైనికాధికారి, యుద్ధఖైదీ, అంతకుముందు సిడ్నీలో రేడియో అనౌన్సర్. ఆమె తన పేరు 'ఆర్ఫన్ ఆన్' అని చెప్పుకునేది.

పసిఫిక్‌లో ఉన్న అమెరికా సిపాయిలు మాత్రం 'టోక్యో రోజ్' అనే మాయలాడి గొంతు విన్నామన్నారు. ఆ పేరుతో రేడియో టోక్యోలో ఎవరూ మాట్లాడలేదు. అది సిపాయిలు పెట్టుకున్న పేరు. యుద్ధం ముగిశాక డబ్బిస్తామన్న విలేకరుల ముందు ఆ టోక్యో రోజ్‌ను నేనేనని ఐవా సంతకం పెట్టింది. ఈ సంగతిని దాచి రాస్తే ఆమె మీద ప్రేమతో రాసిన పుస్తకం కూడా చెడుతుంది. అమెరికా సైన్యంవాళ్లు ఆమెను ఒకసారి పట్టుకుని, సాక్ష్యం చాలదని 1946లో వదిలేశారు. తర్వాత వాల్టర్ వించెల్ అనే పేరుమోసిన రేడియో వ్యాఖ్యాత ఆమె మీద పట్టుబట్టి ప్రచారం చేశాడు. మళ్లీ అరెస్టు చేసి, 1949లో శాన్ ఫ్రాన్సిస్కోలో దేశద్రోహం కేసు నడిపారు. మోపిన 8 అభియోగాల్లో ఒక్కటే నిలిచింది, అది ఓడలు మునగడం గురించి మైకులో మాట్లాడిందని. 10 ఏళ్ల శిక్ష, 10,000 డాలర్ల జరిమానా. 1956లో విడుదలైంది. తమను ఒత్తిడిపెట్టి చెప్పించారని ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యమిచ్చిన ఇద్దరు 1976లో ఒప్పుకున్నారు. 1977 జనవరి 19న అధ్యక్షుడు ఫోర్డ్ క్షమాభిక్ష పెట్టాడు. పేరు ఒకరిది, గొంతు ఒకరిది, రాత ఇంకొకరిది. శిక్ష మాత్రం గొంతుకు పడింది.

మీ మనిషి విషయంలోనూ ఈ మూడూ విడదీయాలి. అనౌన్సర్ చదివిన కాయితం ఎవరు రాశారు? పై అధికారి చూసి సంతకం పెట్టాడా? లేక అప్పటికప్పుడు నోటికొచ్చింది అన్నదా? ఆకాశవాణిలో పనిచేసిన మనిషైతే క్యూ షీట్లు (ఏది ఎప్పుడు ప్రసారం కావాలో రాసిన కాయితాలు), లాగ్ బుక్కులు (ఏది ప్రసారమైందో రాసిన పుస్తకాలు) ఉండేవా, ఇప్పుడు ఉన్నాయా అని అడగొచ్చు. ఆకాశవాణిని నడిపే ప్రసార భారతికి సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. 10 రూపాయల ఫీజు, మామూలుగా 30 రోజుల్లో జవాబు. మనిషి సర్వీసు ఫైలు అడిగితే వ్యక్తిగతమని తిప్పికొట్టవచ్చు కాబట్టి కార్యక్రమం పేరు, తేదీ రాసి ఆ కాయితాలే అడగండి. ప్రైవేటు ఎఫ్‌ఎం మనిషైతే ఈ దారి లేదు. అక్కడ పనిచేసినవాళ్లనే పట్టుకోవాలి.

ఇంట్లో పాత క్యాసెట్లున్నాయంటే వెంటనే టేపురికార్డర్లో వేయకండి. కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని టేపు మీద తెల్లటి బూజు ఉందేమో చూడండి. ఉంటే తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించండి. లేకుంటే టేపురికార్డర్ నుంచి వైరుతో కంప్యూటర్లోకి ఎక్కిస్తూ మొదటిసారి వినండి. నాసిరకం టేపు ఆ ఒక్కసారికే తెగిపోవచ్చు. పెట్టె మీద ఉన్న చేతిరాతను ఫోటో తీయడం మరిచిపోవద్దు. తేదీ తెలిసేది చాలాసార్లు అక్కడే.

ఇవన్నీ అయ్యాకనే ఆ మనిషిని కలవండి. బతికిలేకుంటే ఇంటివాళ్లను. మొదటి రోజే వివాదం ఎత్తొద్దు. పొద్దున డ్యూటీకి ఎన్ని గంటలకు పోయేది, బస్సా సైకిలా, మొదటిసారి మైకు ముందు గొంతు వణికిందా, ఇంట్లో మీ గొంతు ఎవరు వినేవాళ్లు అని అడగండి. తర్వాత మీ కాయితం ఎడమ పక్కన ఉన్నదాన్ని చదివి వినిపించి, "ఇది మీరన్నారా అమ్మా?" అని అడగండి. కుడి పక్కది వేరుగా, మంది ఇట్లా అంటున్నారని చెప్పి అడగండి. ఆ మాటతో మనసు నొచ్చుకున్నవాళ్లు నిజంగా ఉంటే వాళ్ల పేజీలూ పుస్తకంలో ఉండాలి, వాళ్ల సొంత మాటల్లోనే. కుడి పక్కది నింద అయితే, రుజువు దొరికేదాకా దాన్ని నిజమన్నట్టు అచ్చులో పెట్టొద్దు. పరువునష్టం కేసు సంగతి తర్వాత, ముందు అది అన్యాయం.

రాసింది పూర్తయ్యాక మాటలిచ్చిన ప్రతి ఒక్కరికీ వాళ్ల భాగం చదివి వినిపించండి. కళ్లు ఆననివాళ్లకు గట్టిగా, నెమ్మదిగా చదవండి. దిద్దమన్నచోట దిద్ది, ఒప్పుకోనివాళ్ల అభ్యంతరాన్ని ఆ పేజీ కిందనే వేయండి. ఒక ప్రతి కుటుంబానికి, ఒకటి జిల్లా గ్రంథాలయానికి. మడిచిన ఆ కాయితాలు, రికార్డింగులు మీ దగ్గరే పెట్టుకోండి. రేపు ఎవరైనా వచ్చి ఈ మాట ఎక్కడిదని అడుగుతారు.