టేకాఫ్‌లో నేల హెచ్చరిక: లెక్క ముందే తేలాలి

పాలమూరు, నల్లగొండ చెలకల మధ్య పెరిగి పైలట్ శిక్షణకు పోయేవాళ్లకు టేకాఫ్‌లో నేల అడ్డొస్తుందన్న ఊహ త్వరగా తట్టదు. నేల దగ్గరపడుతోందని కాక్‌పిట్‌లో హెచ్చరిక మోగితే ఏం చేయాలో అందరూ బట్టీ పడతారు, మోగకుండా చూసే లెక్కను దాటేస్తారు.

మామూలు డిపార్చర్‌కు కనీసం 3.3 శాతం క్లైంబ్ గ్రేడియంట్ (ముందుకు పోయే దూరానికి ఎక్కే ఎత్తు) కావాలి, అంటే నాటికల్ మైలుకు 200 అడుగులు. గ్రౌండ్ స్పీడ్ (నేలతో పోల్చిన వేగం) 180 నాట్లు, అంటే గంటకు 180 నాటికల్ మైళ్లుంటే నిమిషానికి మూడు మైళ్లు పోతాం కాబట్టి నిమిషానికి 600 అడుగులు ఎక్కాలి. చార్టులో ఇంకా ఎక్కువ శాతం ఇస్తే అదే లెక్క.

ఒక ఇంజిన్ ఆగితే కథ మారిపోతుంది. రెండింజిన్ల విమానం గేర్ (చక్రాలు) ఎత్తాక 2.4 శాతం ఎక్కగలిగితే చాలని నిబంధన. అడ్డంకుల లెక్కకు అందులో 0.8 శాతం కోసేస్తారు, మిగిలేది 1.6. భువనగిరి కోట గుట్టంత, అంటే 500 అడుగుల అడ్డంకి ఎదురుగా ఉందనుకోండి. 3.3 శాతంతో ఆ ఎత్తుకు రెండున్నర మైళ్లలో చేరతాం, 1.6తో ఐదు మైళ్లు దాటాలి. దాన్ని 35 అడుగుల తేడాతో దాటాలన్నది వేరే. అందుకే ఇంజిన్ ఆగినప్పటి దారి వేరుగా ఉంటుంది. ఎక్కడ, ఎటు తిరగాలో, ఏ ఎత్తుదాకా పోవాలో రన్‌వే ఎక్కకముందే ఇద్దరూ గట్టిగా చెప్పుకోవాలి.

ఎండను తక్కువ అంచనా వేయొద్దు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు సముద్రమట్టానికి 2,000 అడుగుల పైన ఉంది. మే మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ (పలచబడ్డ గాలిలో విమానం ఏ ఎత్తులో ఉన్నట్టు పనిచేస్తుందో ఆ లెక్క) 5,700 అడుగుల దగ్గరకు పోతుంది. పొద్దున వేసిన పర్ఫార్మెన్స్ లెక్క అప్పుడు పనికిరాదు. ఎత్తు చూపే ఆల్టిమీటర్ కూడా చూసుకోండి: క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి లెక్కించిన స్థానిక గాలి ఒత్తిడి) 1003 హెక్టోపాస్కల్స్ ఉంటే ప్రామాణికమైన 1013 పెట్టేస్తే, విమానం నిజం కన్నా దాదాపు 280 అడుగులు పైన ఉన్నట్టు చూపిస్తుంది.

"డోంట్ సింక్" అని హెచ్చరిక గొంతు వినిపిస్తే టేకాఫ్ తర్వాత ఎత్తు పోతోందని. చీకట్లో వేగం పెరిగేటప్పుడు ముక్కు లేచినట్టు భ్రమ కలుగుతుంది, చేయి తెలియకుండానే కంట్రోల్‌ను ముందుకు నెడుతుంది. ఫ్లాప్స్ (రెక్కల వెనక తెరుచుకునే పలకలు) గందరగోళం ఇంకో కారణం. 2022 డిసెంబర్ 18న హవాయిలోని కహులుయి నుంచి లేచిన బోయింగ్ 777లో కెప్టెన్ ఫ్లాప్స్ 5 అడిగితే కో-పైలట్‌కు 15 అని వినిపించింది. ఆ సర్దుబాటులో పడి విమానం నీటికి 748 అడుగుల దాకా దిగింది. పిచ్ (ముక్కు కోణం) చూడాల్సిన కళ్లు ఫ్లాప్స్ లివర్ మీదున్నాయి. ఫ్లాప్స్ ఎవరు మార్చినా ఒకరి చూపు ఆటిట్యూడ్ (ముక్కు, రెక్కల వాలు) మీదే ఉండాలి.

"టెరైన్, పుల్ అప్" వినిపిస్తే చర్చ పెట్టొద్దు. ముందున్న నేలను చూసే వ్యవస్థ మొదటి హెచ్చరిక సుమారు నిమిషం ముందు, "పుల్ అప్" దాదాపు 30 సెకన్ల ముందు ఇస్తుంది. ఆటోపైలట్, ఆటోథ్రాటిల్ తీసేసి పూర్తి థ్రస్ట్ (ఇంజిన్ శక్తి) ఇవ్వండి, రెక్కలు సమం చేయండి. బోయింగ్‌లో ముక్కు 20 డిగ్రీలకు ఎత్తాలి, స్టిక్ షేకర్ (రెక్కలు ఎత్తే శక్తి కోల్పోబోతున్నాయని కంట్రోల్‌ను వణికించే పరికరం) వణికితే అక్కడ ఆపాలి. ఎయిర్‌బస్‌లో సైడ్‌స్టిక్ (పక్కనుండే కంట్రోల్ కర్ర) పూర్తిగా వెనక్కు లాగి పట్టుకోవాలి. స్పీడ్‌బ్రేక్ (వేగం తగ్గించడానికి రెక్కల మీద లేచే పలకలు) మూసి ఉందా చూడండి. 1995లో కొలంబియాలోని కాలి నగరం దగ్గర బోయింగ్ 757 స్పీడ్‌బ్రేక్ తెరిచే ఉండగా ఎక్కబోయి కొండను తాకింది. గేర్, ఫ్లాప్స్ కదపొద్దు. రెండో పైలట్ రేడియో ఆల్టిమీటర్ (కింది నేల నుంచి ఎత్తు చూపేది) అంకె, అది పెరుగుతోందో తగ్గుతోందో చదువుతూ ఉండాలి. ప్రమాదం తప్పాక, సేఫ్ ఆల్టిట్యూడ్ చేరాకే ఫ్లాప్స్ కదపడం, ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్)తో మాట.