బారసాలకు ముందే: కొత్త రకం పేరు పెట్టాలనుకునేవారికి జాగ్రత్తలు

ఎవరికీ లేని పేరు కావాలనుకోవడం తప్పు కాదు. బియ్యంలో రాసే ముందు మాత్రం ఇవి చూసుకోండి.

• నెట్‌లో కనిపించిన అర్థాన్ని నమ్మేయకండి. సంస్కృత పేరంటే నిఘంటువులో వెతకండి, లేదా తెలిసినవారిని అడగండి. శబ్దం బాగుందని పేరు కూర్చి, అర్థం తర్వాత అంటగట్టినవి చాలా ఉన్నాయి.

• అమ్మమ్మ, నాయనమ్మల చేత నాలుగైదుసార్లు పిలిపించండి. బిడ్డను ఎత్తుకుని రోజంతా పిలిచేది వాళ్లే. నోరు తిరగకపోతే ఆ పేరు వదిలేయడమే మంచిది.

• ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్కటే ఖాయం చేసుకోండి. అసలు టెన్షన్ ఇక్కడే. న్యూమరాలజీ కోసం అదనపు అక్షరం కావాలంటే ఇప్పుడే చేర్చండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చాలన్నా, పాస్‌పోర్టు తీయాలన్నా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంటే తిరగాల్సింది మీరే. ఇంటిపేరును పొడి అక్షరంగా వదలకుండా పూర్తిగా రాయించండి.

• పేరు తేలలేదా? కంగారు వద్దు. పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించండి. పేరును ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు.