కాథలిక్ ఉన్నత పాఠశాలలో కొత్తగా చేరినవారు కుదురుకోవడం ఎలా

కాథలిక్ ఉన్నత పాఠశాలలో చేరిన విద్యార్థి మొదట కనుక్కోవలసింది ఆ బడిని నడిపేది ఎవరన్న సంగతి. కొన్నింటిని మేత్రాసనం, అంటే బిషప్ పాలనలోని ప్రాంతీయ సంఘం, నేరుగా నడుపుతుంది. చాలావాటి వెనుక ఏదో ఒక సన్యాస సభ ఉంటుంది, దాని స్థాపకుని స్వభావం తరగతి గదిలో ఇప్పటికీ కనిపిస్తుంది. యేసు సభవారు (జెస్విట్లు) 1548లో ఇటలీలోని మెస్సీనాలో బడి తెరిచి, 1599లో ఖరారు చేసుకున్న బోధన ప్రణాళికలో పునశ్చరణకు, వాదానికి, రచనకు పెద్దపీట వేశారు. తప్పు జరిగాక దండించడం కన్నా జరగకముందే పిల్లల మధ్య ఉండడం మేలని సలేషియన్ సభ స్థాపకుడు డాన్ బోస్కో (1815–1888) నమ్మాడు కాబట్టి, సలేషియన్ బడిలో ఆటస్థలంలో తిరిగే ఫాదర్‌ను కాపలాదారుగా భావించనవసరం లేదు. ఆయనతో మాట కలపడానికి అదే మంచి చోటు.

తరువాతి పని, చేతిలో ఉన్న పరీక్షల పట్టిక పక్కన పూజా సంవత్సరపు క్యాలెండర్‌ను, అంటే చర్చి పండుగల, ఉపవాస కాలాల పట్టికను, పెట్టి చూసుకోవడం. ఈస్టర్ మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య మారుతూ ఉంటుంది కనుక దానికి 46 రోజుల ముందు వచ్చే విభూది బుధవారం (తపస్సు కాలం మొదలయ్యే రోజు) కూడా ఏటా వేరే తేదీన వస్తుంది. ఆదివారాలు తీసేస్తే మిగిలే 40 రోజుల తపస్సు కాలంలో (లెంట్) ప్రత్యేక ప్రార్థనలు, ధ్యాన శిబిరాలు ఉండవచ్చు. ప్రాజెక్టు గడువు ఆ వారంలోనే పడితే పనిని ముందే ముగించుకోవాలి.

మత బోధన తరగతిని తేలిగ్గా తీసుకొని మార్కులు పోగొట్టుకునేవారే ఎక్కువ. భక్తిగా రాస్తే చాలునన్న భ్రమ అందుకు కారణమని నా అభిప్రాయం. ఉదాహరణకు లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుని కథను వివరించమన్నారనుకోండి. దొంగలు కొట్టారు, ఇద్దరు చూసీ తప్పుకున్నారు, మూడోవాడు ఆదుకున్నాడు, మనమూ సాయం చేయాలి అని రాస్తే అది కథాసారాంశం మాత్రమే అవుతుంది. కథకు ముందు ధర్మశాస్త్రం తెలిసిన ఒకడు యేసును అడిగింది ‘నా పొరుగువాడెవడు’ అని. కథ ముగిశాక యేసు తిరిగి అడిగింది ఆ ముగ్గురిలో దెబ్బలు తిన్నవానికి పొరుగువాడైంది ఎవడని. ప్రశ్న ఎలా తిరగబడిందో, ఆదుకున్నవాడు యూదులకు గిట్టని సమరయుడే ఎందుకయ్యాడో రెండు పేరాల్లో చూపగలిగితే అది జవాబు. సాహిత్యం తరగతిలో పద్యాన్ని చదివే పద్ధతికీ దీనికీ తేడా లేదు.

ఇతర మతాల పిల్లలకు దివ్యపూజ (మాస్) దగ్గర బెరుకు సహజం. అందరితోపాటు లేచి నిలబడడం, నిశ్శబ్దంగా కూర్చోవడం సరిపోతాయి. పూజలో పంచే దివ్యసత్ప్రసాదం (అప్పం) మాత్రం స్వీకరించకూడదు. ఆ సమయంలో తన చోటనే ఉండవచ్చు, లేదా ఆ ఆచారమున్న చోట చేతులు ఛాతీపై అడ్డంగా పెట్టుకొని ఆశీర్వాదం కోసం వరుసలో వెళ్లవచ్చు. మనస్సాక్షికి విరుద్ధంగా కాథలిక్ విశ్వాసంలో చేరమని ఎవరినీ బలవంతపెట్టరాదని 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రమే (కాథలిక్ సంఘపు చట్టాల సంపుటి) చెబుతోంది కాబట్టి, సందేహముంటే సత్యోపదేశం (మత బోధన) చెప్పే సిస్టర్‌ను మొహమాటం లేకుండా అడగాలి.

యేసు సభ స్థాపకుడు లొయోలా ఇగ్నేషియస్ నేర్పిన ఆత్మపరిశీలనను చదువుకు వాడుకోవడం ఏ మతం వారికైనా సాధ్యమే. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు ఆ రోజును మొదటినుంచి ఒకసారి గుర్తు చేసుకుంటారు: ఏది బాగా సాగింది, ఎక్కడ మనసు తప్పింది, రేపు ఏం మార్చాలి. ‘లెక్కలు సరిగా రాలేదు’ అని రాసుకుంటే ఉపయోగం లేదు; ‘మూడో లెక్కలో పదాన్ని అవతలి వైపుకు మార్చినప్పుడు గుర్తు మార్చలేదు’ అని రాసుకుంటే మరునాడు పెన్ను అక్కడ ఆగుతుంది.

సేవా గంటలు తప్పనిసరైన బడుల్లో వాటిని సంవత్సరాంతానికి వాయిదా వేయకుండా మొదటి టర్మ్‌లోనే మొదలుపెట్టి, వెళ్లిన ప్రతిసారీ అక్కడి బాధ్యుల సంతకం ఆ రోజే తీసుకోవాలి.