ఏసీ బెల్టు అరుస్తోందా? కారణం కనుక్కోవడం, ఇంట్లోనే బెల్టు మార్చడం

ఏసీ బటన్ నొక్కగానే బోనెట్ కింద నుంచి కీచుమని అరుపు. లేదా పొద్దున్నే బండి స్టార్ట్ చేయగానే కాసేపు అరిచి ఆగిపోవడం. చాలామంది వెంటనే కొత్త బెల్టు తెచ్చి వేసేస్తారు. అరుపు ఆగుతుంది, కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతుంది. బెల్టు తనంతట తాను పాడయ్యేది వయసు మీదపడ్డాకే. అంతకు ముందే పాడైందంటే దాన్ని పాడుచేస్తున్నది వేరే ఉంది: వదులైన టెన్షనర్ (బెల్టును బిగువుగా పట్టి ఉంచే భాగం), అరిగిన బేరింగ్, పైనుంచి కారుతున్న ఆయిల్. అదేదో తేలకుండా బెల్టు ఒక్కటే మారిస్తే డబ్బూ పోతుంది, శ్రమా పోతుంది. కాబట్టి ముందు కారణం పట్టుకుందాం, స్పానర్ ఆ తర్వాతే.

ముందు మీ బండిలో ఏ బెల్టు ఉందో చూడండి

ఇంజిన్ ఆపి, చల్లారాక, పుల్లీలు (బెల్టు చుట్టుకుని తిరిగే చక్రాలు) ఉన్న వైపు టార్చి వేసి చూడండి. పాత కార్లలో చాలావాటికి ఇంజిన్ నేరుగా తిప్పే క్రాంక్ పుల్లీ నుంచి ఏసీ గ్యాస్‌ను ఒత్తి పంపే కంప్రెసర్‌కు విడిగా ఒక బెల్టు, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌కు ఇంకోటి ఉంటాయి. ఇప్పటి కార్లలో ఎక్కువగా ఒకే పొడవాటి బెల్టు అన్నిటినీ చుట్టుకుని వెళ్తుంది. కంప్రెసర్, ఆల్టర్నేటర్, కొన్నింటిలో పవర్ స్టీరింగ్ పంపు, వాటర్ పంపు కూడా దాని మీదే తిరుగుతాయి.

ఈ తేడా తెలియడం చాలా అవసరం. విడి బెల్టు తెగితే పోయేది ఏసీ ఒక్కటే, బండి మామూలుగా నడుస్తుంది. అన్నిటికీ ఒకటే బెల్టయితే అది తెగిన క్షణం నుంచి బ్యాటరీ చార్జింగ్ ఆగిపోతుంది. దాని మీద పవర్ స్టీరింగ్ పంపు ఉంటే స్టీరింగ్ బిగుసుకుంటుంది, వాటర్ పంపు ఉంటే కొద్ది నిమిషాల్లోనే ఇంజిన్ వేడెక్కిపోతుంది. బ్యాటరీ లైటు వెలిగి, వేడి ముల్లు పైకి లేస్తుంటే ఇల్లు ఎంత దగ్గరున్నా సరే, పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. బెల్టు ఖర్చుతో పోయేది ఇంజిన్ హెడ్ దాకా వెళ్తుంది.

ఇంకో రకం కూడా ఉంది: టెన్షనరే లేని సాగే బెల్టు. దాన్ని బిగించే బోల్టు ఉండదు, స్ప్రింగుండే చెయ్యీ ఉండదు. అది ఎక్కించడానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. అది లేకపోతే ఆ పని ఇంట్లో పెట్టుకోకండి. ఇక బోనెట్ కింద నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే అది హైబ్రిడ్ లేదా ఎలక్ట్రిక్ కారు. వాటిలో చాలావరకు కంప్రెసర్ కరెంటు మోటారుతోనే తిరుగుతుంది, ఏసీకి బెల్టు ఉండదు. ఆ కేబుళ్లలో ప్రాణం తీసేంత వోల్టేజి ఉంటుంది, ముట్టుకోవద్దు.

ఏసీ వేయగానే కీచుమని అరుస్తోంది

ఏసీ వేయగానే కంప్రెసర్ పని మొదలుపెట్టిన క్షణంలో బెల్టు మీద భారం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ భారాన్ని లాగలేక బెల్టు పుల్లీ మీద జారితే వచ్చేదే ఈ సాగదీసిన అరుపు. జారడానికి కారణాలు మూడు: బిగువు తగ్గడం, బెల్టు లోపలి ముఖం గాజులా నున్నబడటం, ఆయిల్ గానీ కూలెంట్ గానీ అంటుకోవడం.

బెల్టును చేత్తో మెలితిప్పి లోపలి గీతలు, అంటే పొడవునా ఉండే ఉబ్బెత్తు చారలు చూడండి. నియోప్రీన్ రబ్బరుతో చేసిన పాత తరం బెల్టులైతే అడ్డంగా పగుళ్లు వస్తాయి, చూడగానే తెలిసిపోతుంది. ఇప్పుడు వచ్చేవి చాలావరకు ఈపీడీఎం రబ్బరువి. ఇవి పగలవు, టైరులాగా అరుగుతాయి. పగుళ్లు లేవు కదా, బెల్టు బాగుందనుకుని చాలామంది మోసపోయేది ఇక్కడే. గీతల మధ్య గాడి కొత్తదానికంటే వెడల్పుగా, గుండ్రంగా మారి, గీతల కొనలు పదునుగా కనిపిస్తే ఆ బెల్టు పని అయిపోయింది.

ఆయిల్ తడి కనిపిస్తే ముందు ఆ లీకు ఆపండి. ఆయిల్ తాగిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, కడిగినా మునుపటిలా కాదు. అరుపు ఆపుతుందని చెప్పి అమ్మే స్ప్రేలు మాత్రం కొట్టకండి. జిగురు వల్ల కొన్నాళ్లు చప్పుడు ఆగుతుంది, ఆ జిగురుకే దుమ్ము పట్టి గాళ్లు పూడిపోతాయి. అసలు లోపం మాత్రం అలాగే ఉంటుంది.

కిచకిచమని లయగా వస్తోంది

ఇది జారుడు అరుపు కాదు. ఇంజిన్ వేగంతో పాటు పెరుగుతూ పిచ్చుక కూతలా వినిపిస్తే పుల్లీలు ఒకే వరుసలో లేవని అనుమానించాలి. రెండిటికీ తేడా తేల్చడానికి మంచి పరీక్ష ఉంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా, దూరంగా నిలబడి, స్ప్రే సీసాతో బెల్టు గీతల వైపు కాసిని మంచినీళ్లు కొట్టండి. చప్పుడు పెరిగితే బెల్టు జారుతోంది, అంటే బిగువు చాలడం లేదు. చప్పుడు ఆగి, నీళ్లు ఆరగానే మళ్లీ వస్తే పుల్లీ వంకరగా ఉంది. ఈ పరీక్ష చేసేటప్పుడు చున్నీ, వదులు చేతుల చొక్కా, విరబోసిన జుట్టు బోనెట్ దరిదాపుల్లోకి రాకూడదు.

వంకరకు మామూలు కారణం అరిగిన ఐడ్లర్ (బెల్టుకు దారి చూపడానికి ఊరికే తిరిగే పుల్లీ) బేరింగో, సరిగ్గా కూర్చోని బ్రాకెట్టో. దానికి కొత్త బెల్టు మందు కాదు.

గరగరమంటోంది

ఏసీ ఆపి ఉన్నా గరగర వస్తుంటే ఏదో ఒక బేరింగ్ పోయింది. కంప్రెసర్ పుల్లీ ఏసీ ఆపినా తిరుగుతూనే ఉంటుందని గుర్తుంచుకోండి. క్లచ్ ఉన్న కంప్రెసర్లలో దాని ముందున్న ప్లేటు మాత్రమే ఏసీ వేసినప్పుడు అతుక్కుంటుంది. బెల్టు తీసేశాక ఒక్కో పుల్లీనీ చేత్తో తిప్పి చూడటమే సరైన పరీక్ష. గరుకుగా తగిలినా, పక్కలకు ఊగినా ఆ భాగం మార్చాలి. బెల్టు ఎలాగూ విప్పుతాం కాబట్టి ఈ రెండు నిమిషాల పని ఎవరూ వదలకూడదని నా గట్టి అభిప్రాయం.

కాలిన రబ్బరు వాసన, పొగ

ఏసీ వేసినప్పుడే వాసన వస్తే కంప్రెసర్ తిరగకుండా బిగుసుకుపోయి ఉండొచ్చు. ఇంజిన్ ఆపి, కంప్రెసర్ ముందు ప్లేటును చేత్తో తిప్పండి. కాస్త బిగువుగా తిరిగితే బాగున్నట్టు. ఎంత తిప్పినా కదలకపోతే కంప్రెసర్ పోయింది. దాని మీద కొత్త బెల్టు వేస్తే అదీ కాలిపోతుంది. ఏసీకి విడి బెల్టయితే, అది ఇంకే పంపునూ తిప్పకపోతే, తీసేసి ఏసీ లేకుండా బండి నడుపుకోవచ్చు.

చప్పుడు లేదు, చల్లదనమూ లేదు

ఇక్కడ బెల్టును అనుమానించే ముందు ఆలోచించండి. రోడ్డు మీద వేగంగా వెళ్తుంటే చల్లగా, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగా వస్తుంటే తప్పు ఎక్కువగా కండెన్సర్ (ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యానుది. ఏసీ వేయగానే టక్కుమని కంప్రెసర్ ప్లేటు పుల్లీతో కలిసి తిరుగుతూ, బెల్టు జారకుండా ఉంటే బెల్టుకు ఏ పాపం లేదు. గ్యాస్ పరీక్ష చేయించుకోండి. అది ఇంటి పని కాదు.

మార్చే పద్ధతి

బెల్టు మార్చడానికి ఏసీ గ్యాస్ పైపులు విప్పాల్సిన పనే లేదు. ఎవరైనా విప్పాలంటే నమ్మకండి.

సరైన బెల్టు కోసం పాతదాని వీపు మీద నంబరు చదవండి. ఉదాహరణకు 6పీకే1230 అంటే 6 గీతలు, 1230 మిల్లీమీటర్ల పొడవు. నంబరు చెరిగిపోతే కారు మోడల్, సంవత్సరం, ఇంజిన్ చెప్పి తీసుకోండి. పాత బెల్టును కొలిచి కొంటే తేడా వస్తుంది, వాడిన బెల్టు సాగి ఉంటుంది.

చదునైన నేల మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళంచెవి తీసేయండి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. తాళంచెవి తీసినా కొన్ని కార్లలో రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరుగుతుంది, వేళ్లు పోతాయి. కిందనుంచి పని చేయాల్సి వస్తే జాక్ మీద ఉన్న బండి కిందకు ఎప్పుడూ దూరకండి. స్టాండు పెట్టి, వెనక చక్రాలకు అడ్డు పెట్టాకే.

ఇప్పుడు ఫోనుతో బెల్టు దారిని ఫొటో తీయండి. పొడవాటి బెల్టయితే ఇది తప్పనిసరి. ఒక్క పుల్లీ దగ్గర దారి తప్పినా వాటర్ పంపు వెనక్కి తిరగొచ్చు. బోనెట్ కింద స్టిక్కర్ ఉంటే దాంతోనూ పోల్చుకోండి.

విడి బెల్టుకు ఐడ్లర్ పుల్లీ మధ్యలో లాక్ నట్టు, దాని పక్కన సర్దుబాటు బోల్టు ఉంటాయి. లాక్ నట్టు పూర్తిగా విప్పకుండా వదులు చేసి, తర్వాత సర్దుబాటు బోల్టు తిప్పితే పుల్లీ జరిగి బెల్టు వదులవుతుంది. లాక్ నట్టు వదలకుండా సర్దుబాటు బోల్టు మీద బలం పెడితే మరలు తెగుతాయి. ఆటోమేటిక్ టెన్షనరైతే పొడుగు స్పానర్‌తో దాని చెయ్యిని తిప్పి పట్టుకుని బెల్టు జార్చాలి. చెయ్యిని మెల్లగా వదలండి, ఆ స్ప్రింగుకు చాలా బలం ఉంటుంది. ఏసీ బెల్టు ఆల్టర్నేటర్ బెల్టు వెనక ఉంటే ముందుదాన్ని ముందు తీయాలి.

పుల్లీ గాళ్లను పొడి బ్రష్షుతో తుడవండి. కొత్త బెల్టు ఎక్కించాక ప్రతి పుల్లీ దగ్గరా వేలితో తడిమి, అన్ని గీతలూ గాళ్లలో కూర్చున్నాయో లేదో చూడండి. ఒక గీత పక్కకు తప్పినా బెల్టు అంచు చిరిగిపోతుంది. స్క్రూడ్రైవరుతో తోసి ఎక్కించడం వద్దే వద్దు, లోపలి తాళ్లు తెగుతాయి, ఆ సంగతి పైకి కనిపించదు.

బిగువు విషయంలో మీ కారు మాన్యువల్ అంకే ప్రమాణం. అది దొరకకపోతే, రెండు పుల్లీల మధ్య పొడవైన చోట బొటనవేలితో సుమారు 10 కిలోల బలంతో నొక్కినప్పుడు బెల్టు 8 నుంచి 10 మిల్లీమీటర్లు వంగడం చాలా కార్లకు దగ్గరి అంచనా. వదులైతే అరుస్తుంది, మరీ బిగిస్తే అరవదు గానీ కంప్రెసర్, ఆల్టర్నేటర్ బేరింగులను నిశ్శబ్దంగా తినేస్తుంది. రెండోదే ఎక్కువ నష్టం. బిగువు సరిపోయాక లాక్ నట్టు బిగించి, బిగువు మళ్లీ చూడండి, నట్టు బిగించేటప్పుడు కాస్త మారుతుంది.

ఇంజిన్ తిరిగే దిశలోనే క్రాంక్ పుల్లీని స్పానర్‌తో రెండు చుట్లు తిప్పి, బెల్టు ఏ పుల్లీ మీదా పక్కకు జరగలేదని చూసుకోండి. బ్యాటరీ తగిలించి, స్టార్ట్ చేసి, ముందు ఏసీ లేకుండా, తర్వాత ఏసీతో 5 నిమిషాలు నడపండి. ఇంజిన్ ఆపి చల్లారాక బిగువు ఇంకోసారి చూడండి. సర్దుబాటు బోల్టు ఉన్న బండైతే కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి నొక్కి చూసి, అవసరమైతే పావు చుట్టు బిగించండి. కొత్త బెల్టు మొదట్లో కొంత సాగుతుంది. ఆటోమేటిక్ టెన్షనర్ ఆ సాగుడును తానే సర్దుకుంటుంది. అయినా ఇంజిన్ నడుస్తుండగా దాని చెయ్యి ఊగిసలాడుతుంటే స్ప్రింగు అలసిపోయినట్టు, టెన్షనర్ కూడా మార్చండి.