కానుకగా ఇచ్చే చాక్లెట్లు – మూడవ పాఠం: ట్రఫుల్‌కు నిగనిగలాడే పూత

రెండవ పాఠంలో 200 గ్రాముల డార్క్ చాక్లెట్‌ను 100 గ్రాముల వేడి క్రీమ్‌తో కలిపి గనాష్ చేసుకున్నాము. అది గట్టిపడిన తరువాత ఉండలు చుట్టి కోకో పొడిలో దొర్లించాము. ఈ గనాష్ ఉండలనే ట్రఫుల్స్ అంటారు. ఇంట్లో ఆ పూటకు తినడానికి అంతకంటే ఏమీ అవసరం లేదు. కానుకగా పంపదలచుకున్నప్పుడు మాత్రం కోకో పొడి సరిపోదు. ఒకటి రెండు రోజుల్లోనే అది తేమ పీల్చుకుని తడిబారుతుంది, ఉండలు పక్కపక్కన అంటుకుంటాయి, గాలి తగిలిన గనాష్ పైన ఎండిపోతుంది. ఉండ చుట్టూ పలుచని చాక్లెట్ పెంకు తొడిగితే ఈ మూడు ఇబ్బందులూ తీరతాయి. కొరకగానే పటుక్కున విరిగే పెంకు, దాని లోపల మెత్తగా కరిగే గనాష్ కలిసినప్పుడే ట్రఫుల్ రుచి పూర్తవుతుందని నా అభిప్రాయం.

పాఠంలోకి వెళ్ళే ముందు ఒక మాట. గనాష్ విరిగి నూనె పైకి తేలినవారు దానిని పారవేయనవసరం లేదు. కొవ్వు ఎక్కువై, దానిని పట్టి ఉంచడానికి తగినంత నీటి భాగం లేకపోవడం వల్ల అలా జరుగుతుంది. గనాష్‌ను కొద్దిగా వెచ్చచేసి, గోరువెచ్చని పాలు ఒక్కొక్క చెంచా చొప్పున పోస్తూ గిన్నె మధ్య నుంచి అంచుల వైపు నెమ్మదిగా కలిపితే అది మళ్ళీ నున్నగా కలిసిపోతుంది.

ఇక పూత సంగతి. చాక్లెట్‌ను కరిగించి, ఉండను ముంచి, ఆరబెడితే చాలదా అని అనిపించడం సహజం. అలా చేసిన పూత చాలాసేపటి వరకు గట్టిపడదు. గట్టిపడినా వేలు తగిలితే మరక పడుతుంది, కొద్ది రోజుల్లో దాని మీద బూడిదరంగు చారలు తేలుతాయి. తినడానికి హాని లేకపోయినా, పెట్టె తెరిచినవారు బూజు పట్టిందేమోనని సందేహపడతారు. ఇందుకు కారణం చాక్లెట్‌లోని కోకో వెన్న, అంటే కోకో గింజల కొవ్వు. అది గడ్డకట్టేటప్పుడు 6 రకాల స్ఫటిక రూపాలు తీసుకోగలదు. వాటిలో అయిదవ రూపం దాదాపు 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అంటే చేతిలో పట్టుకున్న కాసేపు నిలిచి, నోట్లో వేసుకోగానే కరుగుతుంది. మెరుపు, పటుక్కున విరిగే గుణం కూడా ఆ రూపానివే. దానికి కింది నాలుగు రూపాలు అంతకంటే తక్కువ వేడికే కరిగిపోతాయి, నిలకడ లేక రూపం మార్చుకుంటూ ఉంటాయి. అయిదవ రూపం మాత్రమే ఏర్పడేలా చాక్లెట్‌ను వేడిచేసి చల్లార్చే పద్ధతినే టెంపరింగ్ అంటారు.

పొట్లం మీద కోకో వెన్న పేరు ఉన్న చాక్లెట్‌నే ఇందుకు వాడాలి. కోకో వెన్నకు బదులు వేరే వృక్ష కొవ్వులతో తయారైన కాంపౌండ్ చాక్లెట్‌కు టెంపరింగ్ అక్కరలేదు, పని సులువుగా అయిపోతుంది. కానీ నోట్లో కరిగే తీరులో తేడా స్పష్టంగా తెలుస్తుంది, కాబట్టి కానుకకు నేను దానిని సిఫారసు చేయను. బేకింగ్ కోసం అమ్మే చాక్లెట్ చిప్స్ కూడా వద్దు. ఓవెన్‌లో ఆకారం చెడకుండా ఉండేలా చేసినవి కాబట్టి అవి కరిగినా చిక్కగానే ఉండి పలుచని పూతను ఇవ్వవు.

డార్క్ చాక్లెట్ 300 గ్రాములు తీసుకుని సన్నగా తరగండి. అందులో 100 గ్రాములు పక్కన ఉంచి, మిగిలిన 200 గ్రాములను పొడి గిన్నెలో వేయండి. కింద మరొక గిన్నెలో నీళ్ళు వేడెక్కించి, మంట ఆర్పి, దాని మీద ఈ గిన్నెను అడుగు నీటికి తగలకుండా నిలిపి కరిగించండి. థర్మామీటర్ 45 నుంచి 50 డిగ్రీల మధ్య చూపించాలి. గిన్నెలోకి నీటి చుక్కగానీ ఆవిరిగానీ చేరకూడదు. కొద్దిపాటి తడి తగిలినా చాక్లెట్‌లోని చక్కెర రేణువులు ఒకదానికొకటి అతుక్కుని మొత్తం ముద్ద కడుతుంది. అలా ముద్ద కట్టిన దానిలో వేడి పాలు ధారాళంగా పోసి సాస్‌గా మార్చుకోవచ్చు గానీ పూతకు అది ఇక పనికిరాదు. అందుకే గిన్నెను దింపగానే అడుగును పొడి గుడ్డతో తుడవడం మరువకండి.

ఇప్పుడు పక్కన ఉంచిన తరుగును కొద్దికొద్దిగా వేస్తూ ఆపకుండా కలపండి. పొట్లంలోని చాక్లెట్ ముందే టెంపర్ అయి ఉంటుంది కనుక, దాని తరుగు తనలోని మంచి స్ఫటికాలను కరిగిన చాక్లెట్ అంతటికీ పంచుతుంది. పాలలో తోడు వేయడం లాంటిదే ఈ పని. తెల్లబారిన పాత చాక్లెట్‌ను తరుగుగా వాడకూడదనడానికి కారణం కూడా ఇదే. వేడి 31 లేదా 32 డిగ్రీలకు దిగే వరకు కలుపుతూనే ఉండాలి. అప్పటికీ కరగని ముక్కలు మిగిలితే తీసివేయండి. మిల్క్ చాక్లెట్ అయితే 29 నుంచి 30 డిగ్రీలు, వైట్ చాక్లెట్ అయితే 28 నుంచి 29 డిగ్రీలు సరైన వేడి.

అంకెను చూసి ఆగిపోకుండా పరీక్ష కూడా చేయండి. కత్తి మొనను చాక్లెట్‌లో ముంచి 20 డిగ్రీల చల్లదనం ఉన్న చోట కదపకుండా ఉంచండి. తడిగా మెరుస్తున్న పూత ముందు అంచుల్లో మెరుపు తగ్గి, ఆ మార్పు నెమ్మదిగా మధ్యకు పాకుతుంది. 5 నిమిషాల లోపల అంతా సమానంగా గట్టిపడి, వేలితో తాకినా అంటకుండా, పట్టులాంటి నిగారింపుతో ఉంటే టెంపరింగ్ కుదిరినట్లే. చారలు కనిపించినా, ఇంకా జిగటగా ఉన్నా మరికొంత తరుగు వేసి, మరికాసేపు కలిపి, మళ్ళీ పరీక్షించండి. ఈ పరీక్షకు పట్టే సమయం దండగ అనుకోవద్దు. 20 ఉండలు ముంచిన తరువాత తప్పు తెలియడం కంటే ఇది ఎంతో మేలు.

ఉండలను ఫ్రిజ్‌లో నుంచి తీసిన వెంటనే ముంచకండి. లోపల మరీ చల్లగా ఉన్న గనాష్ తరువాత వ్యాకోచించి పెంకును పగలగొడుతుంది. గది చల్లదనానికి వచ్చే వరకు ఆగండి. అరచేతికి కొద్దిగా చాక్లెట్ రాసుకుని ఒక్కొక్క ఉండను అందులో దొర్లిస్తే మొదటి పలుచని పొర ఏర్పడుతుంది. అది ఆరాక ఉండను గిన్నెలో వేసి, ఫోర్కుతో పైకెత్తి, ఫోర్కును గిన్నె అంచుకు మెల్లగా నాలుగైదు సార్లు తట్టండి. ప్రతి తట్టుకూ పూత మీద సన్నని అలలు కదిలి, అదనపు చాక్లెట్ కిందికి జారుతుంది. ఫోర్కు అడుగును అంచుకు గీసి, ఉండను బటర్ పేపర్ మీదికి జార్చండి. అడుగున చాక్లెట్ మడుగు కట్టిందంటే తట్టింది చాలలేదని అర్థం. పైన గింజల పలుకులు గానీ ఉప్పు రవ్వలు గానీ చల్లాలంటే పూత ఆరకముందే చల్లాలి.

పని మధ్యలో చాక్లెట్ చిక్కబడితే గిన్నెను కొద్ది క్షణాలు వెచ్చని నీటి మీద పెట్టి కలపండి, కానీ డార్క్ చాక్లెట్‌ను 33 డిగ్రీలు దాటనివ్వకండి. దాటితే మంచి స్ఫటికాలు కరిగిపోయి మొదటి నుంచి చేయవలసి వస్తుంది. గది వేడి 25 డిగ్రీలకు మించిన రోజుల్లో ఈ పనిని తెల్లవారుజామున పెట్టుకోవడం మంచిది. ముంచిన ఉండలను అలాంటప్పుడు 10 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. అంతకుమించి తెరిచి ఉంచితే పైన తేమ చేరి, చక్కెర కరిగి, గరుకైన తెల్లని మచ్చలు పడతాయి.

గిన్నెలో మిగిలిన చాక్లెట్‌ను బటర్ పేపర్ మీద పలుచగా పరిచి, వేయించిన బాదం, ఎండుద్రాక్ష చల్లి, ఆరాక ముక్కలుగా విరిస్తే అదే మరొక కానుక. క్రీమ్ లేదు కాబట్టి చల్లని చోట అది వారాల తరబడి నిలుస్తుంది. ట్రఫుల్స్‌కు అంత ఆయుష్షు లేదు. వాటిని గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, వారం లోపల తినేయాలి. చాక్లెట్ చుట్టుపక్కల వాసనలను ఇట్టే పట్టేస్తుంది కనుక మూత బిగుతుగా ఉండాలి. డబ్బాను బయటికి తీసిన వెంటనే మూత తెరవకూడదు, గది వేడికి వచ్చే వరకు మూసి ఉంచితే నీటి చెమ్మ డబ్బాకే అంటి చాక్లెట్‌కు తగలదు. ఈ మాటను, చేసిన తేదీని, పాలు, గింజలు వాడిన సంగతిని ఒక చీటీ మీద రాసి పెట్టెలో ఉంచండి. అవి పడనివారికి ఆ చీటీ ఎంతో అవసరం.

తరువాతి పాఠం వచ్చేలోగా ఈ అభ్యాసం చేయండి. కరిగించిన చాక్లెట్‌ను తరుగు కలపకముందు ఒక చెంచా, టెంపర్ అయ్యాక ఒక చెంచా బటర్ పేపర్ మీద పక్కపక్కన పరిచి, వాటి మీద తేదీ రాసి, ఒకే చోట వారం రోజులు ఉంచండి. రోజూ మెరుపును చూసి, చివరి రోజున రెండింటినీ విరిచి, ఆ చప్పుడులో తేడా గమనించండి. నాలుగవ పాఠంలో మెత్తని క్యారమెల్ చేస్తాము. దానికి అడుగు మందంగా ఉన్న గిన్నె, 150 డిగ్రీలకు పైగా చూపే థర్మామీటర్ కావాలి.