ట్యాంకు వార్‌గేమ్ పాఠాలు – 4: దిగబడకుండా దారి గీయడం

గత పాఠంలో మ్యాప్ మీద ఎత్తుపల్లాలు చదవడం, శత్రువు చూపు ఎక్కడిదాకా పోతుందో అంచనా వేయడం చూశాం. చివర ఇచ్చిన అభ్యాసం చేసినవాళ్లు ఒక సంగతి గమనించే ఉంటారు. శత్రువు కంట పడని దారి దాదాపు ప్రతిసారీ పల్లంలోంచే పోతుంది. నీళ్లు చేరేదీ ఆ పల్లంలోనే. దాక్కోవడానికి అనువైన చోటే ట్యాంకు దిగబడే చోటు కూడా కావడం ఈ ఆటల్లో అసలు చిక్కు.

చాలా ఆటల్లో ఇది రెండు మెట్లుగా జరుగుతుంది. కంబాట్ మిషన్ అనే కంప్యూటర్ ఆటలో బండి ముందు ‘బాగ్’ అవుతుంది, అంటే దిగబడుతుంది. కాసేపు పెనుగులాడి బయటపడవచ్చు, లేదా ‘ఇమ్మొబిలైజ్’ అయి ఆట ముగిసేదాకా అక్కడే ఉండిపోవచ్చు. బోర్డు ఆటల్లో, ఉదాహరణకు అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్‌లో, ఇదే పని పాచికలు చేస్తాయి. పద్ధతి ఏదైనా, నేల, వాతావరణం, బండి అనే మూడింటిని కలిపి ఆట ఒక ప్రమాదశాతం కడుతుంది. పాచిక పడ్డాక మన చేతిలో ఏమీ ఉండదు. దారి గీసేటప్పుడు మాత్రం చాలా ఉంటుంది.

బండి సంగతి ముందు చూద్దాం, ఎక్కువమంది తప్పుగా ఊహించేది ఇక్కడే. బరువైన ట్యాంకు ముందు దిగబడుతుందని అనుకుంటారు. నేలకు తెలిసేది మొత్తం బరువు కాదు, చదరపు సెంటీమీటరు మీద పడే ఒత్తిడి. అమెరికా షెర్మన్ ట్యాంకుల తొలి రకాల బరువు సుమారు 30 టన్నులు, ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే పట్టా) వెడల్పు 42 సెంటీమీటర్లు, నేల మీద ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఒక కిలోకు దగ్గర. జర్మన్ పాంథర్ బరువు 45 టన్నులు, కానీ ట్రాక్ 66 సెంటీమీటర్లు, ఒత్తిడి 0.88 కిలోలు. 57 టన్నుల జర్మన్ టైగర్ ఒత్తిడి కూడా దాని 72 సెంటీమీటర్ల ట్రాక్ వల్ల షెర్మన్ ఒత్తిడికి కాస్త పైనే ఆగిపోతుంది. సోవియట్ టీ-34 తొలి రకాలది అయితే 0.7 దగ్గర్లో, కొన్నిటిలో ఇంకా తక్కువగా ఉంటుంది. అంటే షెర్మన్ దిగబడే చోట దానికి ఒకటిన్నర రెట్ల బరువున్న పాంథర్ దాటిపోవచ్చు. 1944 నవంబరులో జర్మనీలోని పుఫెన్‌డోర్ఫ్ దగ్గర తడినేలలో అమెరికా 2వ ఆర్మర్డ్ డివిజన్ షెర్మన్‌లు పడ్డ ఇబ్బందిలో ఇరుకు ట్రాక్‌లకు పెద్ద వాటా ఉంది. ట్రాక్ అంచులకు అదనపు ఇనుప ముక్కలు బిగించడం, తర్వాత వెడల్పు ట్రాక్‌తో కొత్త సస్పెన్షన్ తేవడం ఈ ఇబ్బందికి విరుగుడుగానే. కాబట్టి సినారియోలో, అంటే ఆట ఇచ్చే యుద్ధ సన్నివేశంలో, షెర్మన్ కనబడితే ఏ రకమో చూడండి. వెడల్పు ట్రాక్ ఉన్న ఈ8 రకానికి గీసిన దారిలో పాత రకాన్ని పంపకండి.

చక్రాల బండ్లది వేరే కథ. సామాను నింపిన లారీ, ఎనిమిది చక్రాల సాయుధ కారు మెత్తటి నేలలో ట్రాక్ బండ్ల కంటే చాలా ముందే చేతులెత్తేస్తాయి. దీనివల్ల ఒక ఉపయోగమూ ఉంది. చక్రాల నిఘా బండి ఒక దారిలో తడబడకుండా పోయిందంటే వెనక వచ్చే ట్యాంకులకు ఆ నేల మీద కొంత నమ్మకం పెట్టుకోవచ్చు. ట్యాంకు పోయింది కదా అని దాని వెనక లారీలను మాత్రం పంపకూడదు.

ఇక నేల. ఆట మొదలుపెట్టగానే ట్యాంకులు లెక్కపెట్టుకునే ముందు బ్రీఫింగ్‌లో, అంటే ఆటకు ముందు ఇచ్చే వివరణలో, నేల పరిస్థితి చదవండి. పొడినేల, తడినేల, బురద, గడ్డకట్టిన నేల అనే ఈ ఒక్క మాటతో మ్యాప్ మొత్తం అర్థం మారిపోతుంది. ఎండిన దుక్కి చేను దాదాపు పచ్చికబయలుతో సమానం, అదే చేను వానకు తడిస్తే ఊబి. 1941 శరదృతువులో మాస్కో వైపు పోతున్న జర్మన్ సైన్యం బండ్లు బురదలో చిక్కుకున్నాయి. నవంబరులో నేల గడ్డకట్టాక అవే బండ్లు మళ్లీ కదిలాయి. తూర్పు రంగం సినారియో ఆడుతుంటే తేదీ చూడటం కూడా నేలను చదవడమే. బురద లేనంత మాత్రాన ధైర్యపడకండి. 1942 ఆగస్టు 19న ఫ్రాన్స్‌లోని డియెప్ తీరంలో బ్రిటిష్ తయారీ చర్చిల్ ట్యాంకులను ఇబ్బందిపెట్టింది గులకరాళ్లు. కంచెలు, పొదలు, పొట్టి గోడల మీదుగా తోలితే కొన్ని ఆటల్లో ట్రాక్ కొద్దికొద్దిగా దెబ్బతింటూ వస్తుంది.

ఇప్పుడు లెక్క. ఇక్కడ వేసే అంకెలు ఏ ఆటవీ కావు, అర్థం కావడానికి పెట్టుకున్నవి. తడినేలలో ఒక్కో గడికి దిగబడే ప్రమాదం 2 శాతం అనుకుందాం. వినడానికి చిన్నదే. కానీ 20 గడులు దాటాలంటే ఆ ప్రమాదం 20 సార్లు ఎదురవుతుంది, ఎక్కడో ఒకచోట ఆగిపోయే అవకాశం 33 శాతానికి చేరుతుంది. అదే దారిలో ఐదు ట్యాంకులు పంపితే ఐదూ అవతలికి చేరే అవకాశం 13 శాతమే. తడినేలను ఐదు గడులకు తగ్గించే దారి దొరికిందనుకోండి, ఒక్కో ట్యాంకుకు ప్రమాదం 10 శాతానికి దిగుతుంది, ఐదూ క్షేమంగా చేరే అవకాశం 60 శాతానికి పెరుగుతుంది. నేల మారలేదు, ట్యాంకులు మారలేదు. చెడ్డ నేల మీద నడిచే దూరం ఒక్కటే తగ్గింది. అందుకే పల్లాన్ని పొడుగునా పట్టుకుని పోవడం కంటే, దాన్ని అతి సన్నగా ఉన్నచోట అడ్డంగా, తిన్నగా దాటి మళ్లీ గట్టినేల ఎక్కడం మేలు. చుట్టుతిరుగుడుకు రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా ఫర్వాలేదు, ఆ టైమ్ ముందే లెక్కలో వేసుకోండి.

దారి మనసులో గీసుకున్నది ఒకటి, బండి పోయేది మరొకటి కావడం కంప్యూటర్ ఆటల్లో మామూలే. రెండు వేపాయింట్‌లు, అంటే దారిలో మనం పెట్టే గుర్తులు, దూరదూరంగా పెడితే మధ్యలో దారి వెతుక్కునే పని కంప్యూటర్‌ది అవుతుంది. అది దగ్గర దారి చూస్తుందే కానీ బురదను మీరు చూసినట్టు చూడదు. చెడ్డ నేల పక్కగా పోయే ప్రతి మలుపులో ఒక వేపాయింట్ పెట్టండి. ఇంకో ముప్పు వరసలో వస్తుంది. ముందు బండి ఆగితే వెనకది దాన్ని తప్పించుకోవడానికి పక్కకు దిగుతుంది. ఆ పక్కనే చిత్తడి ఉంటే రెండోదీ పోయినట్టే. అందుకని బండికీ బండికీ బయలుదేరే సమయంలో తేడా పెట్టండి. ముందుది గట్టినేల ఎక్కేదాకా రెండోదాన్ని కదిలించకండి. నిజం ట్యాంకుల్లోనూ మెత్తటి నేల మీద ఉన్నచోటే గిర్రున తిరిగితే ట్రాక్ నేలను తవ్వేస్తుంది. అందుకే మలుపులన్నీ గట్టినేల మీదే పూర్తిచేసి చిత్తడిలోకి తిన్నగా దిగండి.

రోడ్డు వదలకుండా పోతే సరిపోతుంది కదా అని కొందరికి అనిపించవచ్చు. దిగబడరు, నిజమే. కానీ ట్యాంకు వ్యతిరేక ఫిరంగి గురిపెట్టి కూర్చునేదీ ఆ రోడ్డు మీదే. లారీలకు, సామాను బండ్లకు రోడ్డు తప్పదు, వాటికోసం ముందు రోడ్డును శుభ్రం చేయాలి. ట్యాంకులకు నా సలహా వేరు. కొంత ప్రమాదం ఎలాగూ ఒప్పుకోవాలి కనుక, దిగబడినా ట్యాంకు పనికొచ్చే చోటును ఎంచుకోండి. దాటే చోట నిలబడి చూసినట్టు ఊహించుకోండి: ఇక్కడే ఆగిపోతే ఈ ట్యాంకుకు ఏం కనిపిస్తుంది? శత్రువుకు దాని ముఖం కనిపిస్తుందా, పక్క భాగం కనిపిస్తుందా? కదల్లేని ట్యాంకుకు ఫిరంగి ఇంకా ఉంటుంది. ముందుభాగం శత్రువు వైపు ఉండి, ఎదురుగా మంచి చూపు ఉంటే అది మీకు ఒక బంకర్. పక్కభాగం చూపిస్తూ గుంటలో ఆగితే అది శత్రువుకు గురి.

దిగబడిందే అనుకోండి, కంగారుపడి పక్క ట్యాంకును దాని దగ్గరికి పంపకండి. చాలా ఆటల్లో ఒక బండి ఇంకోదాన్ని లాగే ఏర్పాటే ఉండదు. మిగతా వరసను వెంటనే ఆపి, కొత్త దారి గీయండి. దిగబడినదాన్ని ముందు అనుకున్న లెక్కలోంచి తీసేసి దాడి ప్రణాళిక మళ్లీ చూసుకోండి. అది బయటపడితే అదనపు బలంగా వాడుకోవచ్చు.

ఈసారి అభ్యాసం: మీ దగ్గరున్న ఆటలో ఒకే మ్యాప్‌ను సినారియో ఎడిటర్‌లో ఒకసారి పొడినేలతో, ఒకసారి బురదతో తెరవండి. ఒకే నాలుగు ట్యాంకులను మ్యాప్ ఈ కొస నుంచి ఆ కొసకు, శత్రువు లేకుండా, రెండు వేర్వేరు దారుల్లో నడపండి. ఒక దారి మొత్తం పల్లంలో, ఇంకోటి పల్లాన్ని ఒక్కచోట అడ్డంగా దాటేది. ఎన్ని చేరాయో, ఎక్కడెక్కడ ఆగాయో కాగితం మీద మ్యాప్ గీసి గుర్తుపెట్టండి. వచ్చే పాఠంలో వంతెనలు, రేవులు వస్తాయి, అక్కడ ఈ కాగితంతో మనకు పని ఉంది.