శబ్దాన్ని పీల్చే పలకలు తయారుచేసే ముందు జాగ్రత్తలు

చెన్నైలో, వడపళనిలోనో సాలిగ్రామంలోనో అద్దె గదిని రికార్డింగ్‌కు సిద్ధం చేసుకునేవారు పలకల్లో నింపే రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన పోగుల దిండు) కట్ట విప్పకముందే ఎన్95 మాస్కు, కళ్లజోడు, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా ధరించాలి; దాని సన్నని పోగులు చర్మానికి దురదను, గొంతుకు మంటను కలిగిస్తాయి. ఫ్యాను ఆపి కోయాలి.

పలక పైన కప్పే గుడ్డను నోటికి ఆనించి ఊదినప్పుడు గాలి అవతలికి పోకపోతే, అదెంత అందంగా ఉన్నా పనికిరాదు.

ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత గల 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 100 మి.మీ. మందం ఉన్న రాక్‌వూలే సుమారు 3.5 కిలోలు తూగుతుంది కనుక, చట్రం బరువునూ కలిపి లెక్కించి మరలు ఎంచుకోవాలి. గోడకూ పలకకూ మధ్య 50 మి.మీ. ఖాళీ వదిలితే మంద్ర ధ్వనులు మెరుగ్గా అణగుతాయి, పైగా ఈశాన్య రుతుపవనాల వానలకు గోడ చెమ్మగిల్లినా ఆ తడి పలకకు అంటదు.

థర్మకోల్, కోడిగుడ్ల అట్టలు వాడవద్దు. వాటివల్ల ప్రయోజనం స్వల్పం, నిప్పు భయం ఎక్కువ.